ఏ నీళ్లకు ఫొటో తీస్తున్నాం?

మూసీ ఫొటోలు ఎప్పుడు చూసినా రెండే రకాలు. ఒకటి పొద్దుగూకే వేళ తీసినది. హైకోర్టు గుమ్మటాలు నీళ్లలో తలకిందులుగా మెరుస్తుంటాయి. నీళ్లు బంగారు రంగులో ఉంటాయి. ఓ కొంగ అటుగా ఎగురుతుంటుంది. క్యాలెండర్లకు, పర్యాటక పోస్టర్లకు పనికొచ్చే ఫొటో. రెండోది మిట్టమధ్యాహ్నం తీసినది. నల్లటి నీళ్లు, తెల్లటి నురగ, ప్లాస్టిక్ సంచులు, వాటి మధ్య గుర్రపు డెక్క. కాలుష్యం మీద వార్త వచ్చినప్పుడల్లా పత్రికల్లో పడే ఫొటో.

ఈ రెండింటినీ ఒకే వంతెన మీద నిలబడి, కొన్ని గంటల తేడాతో తీయొచ్చు. ఏదీ అబద్ధం కాదు. కాకపోతే మొదటి దాంట్లో కట్టడాలు ఉంటాయి గానీ నగరం ఉండదు. రెండో దాంట్లో మురికి ఉంటుంది గానీ నది ఉండదు. హైదరాబాద్‌లో కెమెరా పట్టుకుని ఏటి ఒడ్డున నడిచేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కాలేజీ పిల్లలు, పక్షి ప్రియులు, పాత కట్టడాలంటే ఇష్టపడేవాళ్లు, ఆదివారం ఉదయం ఫొటో వాక్‌లకు వచ్చేవాళ్లు. వాళ్ల పని ఈ రెండు ఫొటోల దగ్గర ఆగిపోకూడదని నా కోరిక. షట్టర్ నొక్కే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే మూసీ ఫొటో మారిపోతుంది. ఈ నీళ్లెక్కడివి?

అనంతగిరి నీళ్లు కావు

పుస్తకంలో జవాబు సులభం. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో మూసీ పుడుతుంది. వానాకాలంలో అనంత పద్మనాభస్వామి గుడి చుట్టుపక్కల అడవిలో నడిస్తే ఎర్రమట్టి మీద సన్నటి వాగులు కనిపిస్తాయి. అక్కడ తీసిన ఫొటో నగరంలో ఎవరికైనా చూపించండి, అది మూసీ అని ఒక్కరూ పోల్చుకోలేరు. ఆ నీళ్లు గండిపేట చెరువు దాకా వస్తాయి. తోడు నది ఈసా నీళ్లు హిమాయత్‌సాగర్ దాకా వస్తాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు వాటి ప్రయాణం అక్కడితో సరి. పెద్ద వానలు కురిసి గేట్లు ఎత్తినప్పుడు మాత్రమే రెండూ కిందికి దిగి లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర కలుస్తాయి. 1948లో గాంధీజీ చితాభస్మాన్ని కలిపిన సంగమం అదే.

మరి నయాపూల్ కింద, చాదర్‌ఘాట్ వంతెన కింద, నడి ఎండాకాలంలో కూడా ఆగకుండా పారుతున్నది ఏమిటి? మన ఇళ్ల నుంచి పోయిన నీళ్లు. నాగార్జునసాగర్ జలాశయం నుంచి ఎత్తి, అక్కంపల్లి, కోదండాపూర్ మీదుగా పైపుల్లో తెచ్చుకున్న కృష్ణా నీళ్లు. ఎల్లంపల్లి నుంచి వచ్చిన గోదావరి నీళ్లు. మంజీరా, సింగూరు నీళ్లు. ఇవన్నీ నల్లాల్లో వచ్చి, బియ్యం కడిగి, బట్టలు ఉతికి, స్నానాలు చేయించి, మోరీల్లో పడి, నాలాల్లో కలుస్తాయి. కొన్ని శుద్ధి కేంద్రాల గుండా, కొన్ని ఎలా ఉన్నవి అలాగే మూసీలో దిగుతాయి. ఒకప్పుడు ఎండలకు ఇసుక మేటలు తేలే వాననది ఇప్పుడు పన్నెండు నెలలూ పారే నది అయింది. దాన్ని పారిస్తున్నది నగరమే.

ఇంకా చూడండి. నల్లగొండ జిల్లా వాడపల్లిలో, అగస్త్యేశ్వరాలయం దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. వాడపల్లి నాగార్జునసాగర్‌కు దిగువన ఉంది. అంటే సాగర్‌లో పైకి ఎత్తుకున్న కృష్ణ హైదరాబాద్ వంటిళ్లన్నీ తిరిగి, మూసీ పేరుతో మళ్లీ కృష్ణలోకే చేరుతోంది. గోదావరి నీళ్లయితే తమ పరీవాహక ప్రాంతాన్నే వదిలిపెట్టి కృష్ణలో కలుస్తున్నాయి. ప్రకృతి అటు, నగరం ఇటు అని గీత గీసి ఫొటో తీద్దామంటే మూసీ ఒడ్డున ఆ గీత ఎక్కడా దొరకదు. హైకోర్టు గుమ్మటం నీడ పడుతున్న ఆ నీళ్లు మెహిదీపట్నంలో ఎవరో పొద్దున గిన్నెలు తోమిన నీళ్లు.

ఆ చింతచెట్టు, ఆ పాత ఫొటోలు

నదిని నగరానికి పైనే ఆపాలన్న ఆలోచన ఊరికే రాలేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. చనిపోయినవారు పదిహేను వేల దాకా ఉంటారని అంచనా. అఫ్జల్‌గంజ్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగిపోయాయి. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన పురానాపూల్ మాత్రం నిలబడింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు నూట యాభై మంది బతికారు. ఆ తర్వాతి ఏడాదే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరదను నగరానికి పైనే ఆపాలని ఆయన చెప్పారు. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

ఆ వరద ఫొటోలు, పోస్ట్‌కార్డులు ఇప్పటికీ దొరుకుతాయి. విరిగిన వంతెన కమానులు, పైకప్పు లేని ఇళ్లు, రాళ్ల కుప్పల మధ్య కదలకుండా నిలబడ్డ మనుషులు. హైదరాబాద్‌కు ఫొటోగ్రఫీని అలవాటు చేసిన రాజా దీన్‌దయాళ్ అప్పటికి లేరు, 1905లోనే కన్నుమూశారు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో పనిచేసి, ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్ అయిన మనిషి. ఆయన కాలంలో కెమెరా ఎక్కువగా దేవిడీల వైపు, వేట విడిదుల వైపు చూసింది. వరద వచ్చాక అదే నగరంలో అది కూలిన బస్తీల వైపు తిరగక తప్పలేదు. ఆ ఫొటోల్లో అందం కోసం ఎవరూ వెతకరు. ఏ వంతెన ఎక్కడ తెగింది, నీళ్లు ఏ గోడ దాకా వచ్చాయి, ఎవరు మిగిలారు అని చూస్తారు. నూరేళ్లు దాటినా వాటి విలువ తగ్గకపోవడానికి కారణం తేదీ, చోటు తెలియడమే.

కెమెరా చేసే మేలు, కీడు

నీళ్ల రంగు ఫొటోలో ఎలా వస్తుందన్నది చిన్న విషయం కాదు. కెమెరాలోని మీటర్ ఎదురుగా ఉన్న దృశ్యమంతా నడిమి బూడిద రంగు అనుకుని వెలుతురు లెక్క కడుతుంది. ఫ్రేమంతా నల్లటి మురుగే ఉంటే వెలుతురు ఎక్కువ తీసుకుంటుంది, నలుపు కాస్తా బూడిద రంగుకు తేలుతుంది. ఫ్రేమంతా నురగే ఉంటే వెలుతురు తగ్గిస్తుంది, తెల్లటి నురగ మాసిన గుడ్డలా వస్తుంది. అంటే ఆటోలో పెట్టి తీస్తే మూసీ ఉన్నదానికంటే మంచిగానూ కనిపించొచ్చు, చెడ్డగానూ కనిపించొచ్చు. ఫోన్ కెమెరా ఇంకో అడుగు ముందుకేసి ఆకాశాన్ని నీలంగా, గడ్డిని మరింత పచ్చగా చేసి పెడుతుంది. ఒడ్డున ఉన్న గ్రానైట్ రాయి మీదో, కరకట్ట గోడ మీదో మీటర్ పెట్టి వెలుతురు చూసుకుంటే నీళ్ల రంగు ఉన్నది ఉన్నట్టు దిగుతుంది. ఒక్క నిమిషం పని.

లాంగ్ ఎక్స్‌పోజర్ గురించి నాది గట్టి అభిప్రాయం. ముదురు ఫిల్టర్ తగిలించి పది, ఇరవై సెకన్ల పాటు షట్టర్ తెరిచి ఉంచితే అలలు పోతాయి, తేలుతున్న చెత్త కరిగి గీతలవుతుంది, నీళ్ల మీద పొగమంచు పరచినట్టు అవుతుంది. కొండల్లో జలపాతానికి అది బాగుంటుంది. మూసీలో నాలా వచ్చి కలిసే చోట ఆ పని చేస్తే మురుగును ముస్తాబు చేసినట్టే. పోలరైజర్ దీనికి సరిగ్గా ఉల్టా. నీటి పైమెరుపును తీసేసి కింద ఏముందో చూపిస్తుంది. బ్యాగులో ఒక్క ఫిల్టర్‌కే చోటుంటే ఇదే పెట్టుకోండి.

పక్షుల ఫొటోలదీ ఇలాంటి కథే. అంబర్‌పేట దిగువన, నాగోల్ వైపు చలికాలంలో పొద్దున్నే వెళ్తే నీళ్లలో వందల పక్షులు. నల్ల రెక్కలు, పొడవాటి గులాబీ కాళ్లు ఉన్న ఉల్లంకులు వరుసగా నిలబడి బురదను ముక్కుతో గెలుకుతుంటాయి. ఇంత పక్షి సందడి ఉంది కదా, నది బాగానే ఉందన్నమాట అనిపిస్తుంది. కానీ అవి అన్ని చేరడానికి కారణం బురదలోని ఎర్ర పురుగులు. ప్రాణవాయువు తక్కువైన మురుగులోనూ బతకగల పురుగులవి. వాటిని తిని ఆ పక్షులూ బతుకుతాయి. శుభ్రమైన నీళ్లు కావాల్సిన చేపలు, నత్తలు, వాటిని తినే పిట్టలు ఆ ఫొటోలో ఉండవు. గుర్రపు డెక్క పచ్చదనం కూడా అంతే. మురుగులోని నత్రజని, భాస్వరం తిని బలిసిన పచ్చదనం అది. పక్షి కంటిలో మెరుపు పడేలా పెద్ద లెన్సుతో దగ్గరికి లాగి తీసిన ఫొటో చూస్తే అది ఏ కొల్లేరులోనైనా కావచ్చు. నాలుగు అడుగులు వెనక్కి వచ్చి పక్షితో పాటు ఆ పైపు నోరు, వెనకాల అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఆరేసిన దుప్పటి కూడా వచ్చేలా తీస్తే అది మూసీ ఫొటో అవుతుంది. అప్పుడది మంచి పక్షి ఫొటో కూడా అవుతుంది, ఎందుకంటే ఆ పక్షి ఎలా బతుకుతోందో చెబుతుంది.

ఢిల్లీలో యమునను ఏళ్ల తరబడి ఫొటో తీసిన రవి అగర్వాల్ ఈ దారిలో చాలా దూరం నడిచారు. విషరసాయనాల మీద పనిచేసే టాక్సిక్స్ లింక్ సంస్థ స్థాపకుడు ఆయన. యమున ఇసుక మేటల్లో బంతిపూలు పండించే రైతులను, ఆ పూలు చేరే బజారును వెంబడించి తీశారు. నది మురికిగా ఉందని చెప్పడంతో ఆగలేదు. ఆ ఒడ్డును నమ్ముకుని ఎవరు బతుకుతున్నారో, వాళ్ల పొలాలను నగరం ఎలా మింగుతోందో చూపించారు. మన దగ్గర అలాంటి పని ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే బంతితోట కోసం వెతకనక్కర్లేదు. మూసీకి గడ్డి ఉంది.

కత్వ దగ్గర

నగరం దాటి పీర్జాదిగూడ, ప్రతాపసింగారం వైపు వెళ్లండి. ఫొటోగ్రాఫర్లలో చాలామంది నయాపూల్ దగ్గరే ఆగిపోతారు కాబట్టి చెబుతున్నాను. ఈ దారిలో నదికి అడ్డంగా పాతకాలపు కత్వలు ఉన్నాయి. చెరువులకు, కాలువలకు నీళ్లు మళ్లించడానికి రాళ్లతో కట్టిన అడ్డుకట్టలు. శుద్ధి కాని మురుగులో సబ్బులు, డిటర్జెంట్లు ఉంటాయి. ఆ నీళ్లు కత్వ మీంచి కిందికి దూకినప్పుడు గాలితో కలిసి నురగ లేస్తుంది. చలికాలం ఉదయాన మనిషెత్తు కుప్పలుగా పేరుకుంటుంది. గాలి వీస్తే ముద్దలు ముద్దలుగా తెగి పొలాల్లో పడుతుంది. దగ్గరికెళ్లి చూస్తే నురగ తెల్లగా ఉండదు. బుడగ బుడగకూ సన్నటి నల్లటి అంచు ఉంటుంది. గడ్డి మీద పడి ఆరిపోయిన చోట జిడ్డు మరక మిగులుతుంది.

ఆ పక్కనే, కనుచూపు మేర, పారా గడ్డి. ఏడాదంతా కోతకు వచ్చే గడ్డి, నగరం చుట్టుపక్కల డెయిరీల్లోని బర్రెలకు మేత. తెల్లవారకముందే కోసి మోపులు కడతారు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి కోస్తున్న ఒక పెద్దావిడ దగ్గర నేను కెమెరా తీశాను. ముందు నా వైపు చూడనే లేదు. తర్వాత కొడవలి ఆపి అంది: “నురుగు ఫొటో అందరు తీస్తరు సారూ. ఈ గడ్డి దిక్కు తియ్యి. గీ నీళ్లు లేకుంటె మాకు గడ్డి లేదు. గీ నీళ్లతోనే కాళ్లకు పుండ్లు.”

“మీది కూడా తీయొచ్చా అమ్మా?” అని అడిగాను.

“కాళ్లది తియ్యి” అంది.

తీశాను. ఆ గడ్డి తిన్న బర్రె పాలు తిరిగి నగరానికే వస్తాయి, చాయ్ గ్లాసులోకి. నగరం వదిలిన నీళ్లు నగరానికి మళ్లీ చేరే దారి అది. ఈ దారిని వరుస ఫొటోలుగా తీయొచ్చు. నాలా నోరు, కత్వ, గడ్డి మడి, కోసే చెయ్యి, మోపులు ఎక్కించిన ఆటో, బర్రెల పాక, పాల క్యాన్. ఒక్క అందమైన ఫొటో కోసం పడే తపన ఈ వరుస కోసం పడితే బాగుంటుంది.

నది మీద ఎవరు ఉండాలి

2024 శరత్కాలంలో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ ప్రాంతాల్లో ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. నదీగర్భంలో ఉన్నాయని గుర్తించిన ఇళ్లు అవి. కొన్నింటిని కూల్చారు. అక్కడివాళ్లను డబుల్ బెడ్‌రూం ఇళ్లకు తరలించారు. సగం కూలిన ఇంటి లోపలి గోడలు బయటపడ్డాయి. ఒక గది గులాబీ రంగు, పక్క గది నీలం, మధ్యలో తలుపు ఊడిన ఖాళీ. వరద వస్తే మునిగేది వీళ్లేనన్నది నిజం. మూసీని బాగు చేయాలన్నదీ నిజం. వీళ్ల బతుకులు, పనులు, పిల్లల బడులు ఆ ఒడ్డు చుట్టూనే ఉన్నాయన్నది కూడా అంతే నిజం. నగరంలో సుమారు 55 కిలోమీటర్ల పొడవునా నదిని సుందరంగా చేస్తామంటున్నారు. రేపటి బొమ్మల్లో నడక దారులు, లైట్లు, పడవలు ఉన్నాయి. ఈ ఇళ్లు లేవు. నది ఒడ్డున మొన్నటిదాకా ఎవరున్నారో చూపించని ఫొటోలు ఎన్ని తీసినా అవి ఆ బొమ్మలకు ముందుమాటలే అవుతాయి.

అందంగా తీర్చిదిద్దిన నదులను చూసినప్పుడూ మొదటి ప్రశ్నే వేయాలి. అహ్మదాబాద్‌లో సబర్మతి నిండుగా కనిపించేది నర్మద కాలువ నీళ్లతో. మూసీకి నమూనాగా చూపిస్తున్న సియోల్ చొంగ్‌గ్యేచొన్ 2005లో కొత్త రూపు దాల్చింది. అందులో పారేది ఎక్కువగా హాన్ నది నుంచి పంపులతో తోడి పోసే నీరు. రెండూ ఫొటోల్లో ముచ్చటగా ఉంటాయి. మూసీకి ముందు జరగాల్సింది నాలాల నోళ్ల దగ్గర శుద్ధి అని నా నమ్మకం. ఒక్క అంబర్‌పేట కేంద్రమే రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేయగలదు, అయినా నగరం వదిలే నీళ్ల ముందు అది చిన్నదే. ఒడ్డున రాళ్లు పరచడం తర్వాత చూసుకోవచ్చు. పైన జలాశయాల సంగతీ ఉంది. గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను అడ్డుకునే 111 జీవో 1996లో వచ్చింది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 69 జీవో తెచ్చారు. గండిపేట గట్టు మీద నిలబడి నగరం వైపు కెమెరా తిప్పితే నీటి వెనక టవర్లు వరుసగా లేస్తుంటాయి. అది కూడా మూసీ ఫొటోనే. అనంతగిరి నీళ్లకు మిగిలిన చివరి అడ్రసు అది.

2025 సెప్టెంబర్ 26, 27 తేదీల్లో, 1908 వరద వచ్చిన తేదీకి సరిగ్గా ముందు, జంట జలాశయాల గేట్లు ఎత్తారు. మూసీ పొంగింది. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లు వచ్చాయి, ప్రయాణికులను బయటికి తెచ్చారు. ఒడ్డు బస్తీలు మునిగాయి. ఆ రెండు రోజులు నది నల్లగా లేదు. మట్టి రంగులో, ఎర్రగా, వేగంగా పారింది. వాన నది ఎలా ఉంటుందో చాలామంది పిల్లలు మొదటిసారి చూశారు. నీళ్లు తగ్గాక చెట్ల కొమ్మలకు, వంతెన జాలీలకు ప్లాస్టిక్ సంచులు, గుడ్డ పీలికలు ఒకే ఎత్తులో వేలాడుతూ మిగిలాయి. వరద ఎంత ఎత్తు వచ్చిందో చెప్పే గీత అది. పారిశుద్ధ్య కార్మికులు తీసేసేలోపు దాన్ని ఫొటో తీసినవాళ్ల దగ్గర ఇప్పుడు పనికొచ్చే సాక్ష్యం ఉంది.

చివరగా పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంట్లో పాత ఆల్బమ్‌లు ఉంటే వెతకండి. నయాపూల్ మీద పెళ్లి కొత్తలో దిగిన ఫొటో, పురానాపూల్ మీద కూరగాయల బజారులో తాతయ్య, గండిపేటకు పిక్‌నిక్, వాడపల్లిలో పుష్కర స్నానం, వరద రోజు మేడ మీంచి ఎవరో తీసిన నాలుగు ఫొటోలు, ఏదైనా కావచ్చు. మనుషుల వెనకాల నది ఉంటుంది. ఒడ్డు ఎక్కడిదాకా ఉండేదో, నీళ్లు ఎంత ఉండేవో తెలుస్తుంది. ఫొటో వెనక పెన్సిల్‌తో చోటు, తేదీ, ఎటువైపు చూస్తూ తీశారో రాయండి. గుర్తులేకపోతే ఇంట్లో పెద్దవాళ్లను ఇప్పుడే అడగండి. తర్వాత అదే చోటికి వెళ్లి, అదే దిక్కుకు చూస్తూ ఈ ఏడాది ఇంకో ఫొటో తీయండి. దాని మీదా తేదీ వేయండి.

ఒడ్డు మారబోతోంది. మారాక ముందు ఎలా ఉండేదో అడిగితే చూపించడానికి ఆ రెండు ఫొటోలూ మన దగ్గర ఉండాలి.